దీవాంతరము పోయిన పూర్వికుడు

వంశవృక్షము వ్రాసుకొనే ఇండ్లలో ఒక్కొక్క పేరు దగ్గర పెద్దలు ఆగిపోవుట మనకు తెలిసినదే. ‘ఆయన దీవాంతరము పోయినాడు’ అని ఒక్క మాట చెప్పి తరువాతి పేరుకు సాగిపోతారు. ఏమి నేరము, ఏ కచేరీలో విచారణ, ఏ దీవి, ఏనాటి మరణము అన్న ప్రశ్నలకు ఇంటిలో జవాబు ఉండదు. సముద్రము దాటినవాడు కులమునకు దూరమైనాడన్న భావము కొంత, చెరసాల అపకీర్తి కొంత కలిసి ఆ పేరును మరుగుపరచినవి. మరణతిథి తెలియదు కనుక అతనికి తద్దినము లేదు. మహాలయ అమావాస్యనాడు విడిచే తిలోదకమే దక్కినది. ఇంట మిగిలిన ఇల్లాలు తాను ముత్తైదువయో కాదో ఎరుగకనే కాలము గడపవలసి వచ్చినది.

అట్టి పూర్వికుని జాడ ఈనాడు తీయవచ్చునా? చాలవరకు తీయవచ్చును. అయితే ముందుగా రెండు ప్రశ్నలు వేసుకొనవలెను. అది ఏ సంవత్సరము? ఏటికి ఏ ఒడ్డు?

ఆస్ట్రేలియా దేశములో ఇట్టి వెదకులాట ఇంటింటి ముచ్చట. 1788 నుండి 1868 వరకు ఇంగ్లండునుండి, ఐర్లండునుండి 1,60,000 మందికి పైగా శిక్షితులను ఓడలలో అక్కడికి పంపినారు. చిన్న దొంగతనములకే శిక్షపడిన పేదలు వారిలో చాలమంది. మనుమలు, మునిమనుమలు ఆ పుట్టుకను చిరకాలము దాచుకొన్నారు. గత శతాబ్ది ఉత్తరార్ధమున ఆ సిగ్గు తొలగి, సంకెలతో దిగిన తాతను చెప్పుకొనుట గౌరవమైనది. ఆ శిక్షితుల దస్త్రములను 2007లో యునెస్కో ప్రపంచస్మృతి పట్టికలో చేర్చినది. ఈస్టిండియా కంపెనీ ఆ శిక్షనే మన దేశమునను అమలుపరచినది. దస్త్రములను కూడ అట్లే వ్రాయించినది.

మొదట సంవత్సరము సంగతి చూతము. దీవాంతరమనగానే మనకు అండమాను తోచును. కాని పోర్టుబ్లెయిరులో బందీల వలస స్థిరముగా నెలకొన్నది 1858 మార్చిలో, సిపాయిల తిరుగుబాటు తరువాతనే. 1789లో అక్కడ స్థాపించిన తొలి వలసను రోగముల బాధకు తాళలేక 1796లో ఎత్తివేసినారు. ఆ నడిమి అరువదేండ్లలో మన బందీలు వెళ్లిన చోట్లు వేరు: సుమత్రాలోని బెంకూలెను, మలయా తీరమున పెనాంగు, మలక్కా, సింగపూరు, బర్మాలో మౌల్మేను. 1825 ఏప్రిలులో బెంకూలెనునుండి సింగపూరు చేరిన తొలి బందీలలో మద్రాసు రాజధానివారు ఉన్నారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసినది 1847 ఫిబ్రవరి 22న. ఆ రోజులలో ఈ సీమనుండి ఎవరినైనా సముద్రము దాటించి యుంటే, వారి కొరకు అండమాను పట్టికలు తిరగవేయుట వృథా శ్రమ.

ఇక ఒడ్డు సంగతి. అయిజ నడిగడ్డలోని ఊరు. కృష్ణా తుంగభద్రల నడుమ గల ఈ నేల, గద్వాల సంస్థానముతోపాటు, నిజాము రాజ్యములోనిది. తుంగభద్ర దాటితే కర్నూలు. 1839లో నవాబు గులాం రసూల్ ఖానును తొలగించి కంపెనీవారు కర్నూలును వశపరచుకొన్నారు. అప్పటినుండి ఏరే రెండు న్యాయములకు సరిహద్దు. ఈ గట్టున పట్టుబడినవాడు సంస్థానపు కచేరీకో, నిజాము అదాలతుకో పోవును. ఆ గట్టున పట్టుబడినవాడు కంపెనీ న్యాయస్థానమునకు పోవును. ఓడ ఎక్కించు శిక్ష కంపెనీవారిది. కావున అయిజ వైపు మనిషి దీవాంతరము పోయినాడని ఇంటిలో చెప్పుకొంటే, అతనికి ఏటి ఆవల విచారణ జరిగినదా, లేక అతడు హైదరాబాదులోని బ్రిటిషు రెసిడెంటు చేతికి చిక్కినాడా అని విచారింపవలెను. రెండవ దారికి ప్రసిద్ధ నిదర్శనము మౌల్వీ అల్లావుద్దీను. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖానుతో కలిసి రెసిడెన్సీపై దాడి నడిపిన ఆయనను 1859లో అండమానుకు పంపినారు. ఆయన అక్కడే కన్నుమూసినాడు.

ఒడ్డు తేలితే దస్త్రముల చోటు తేలును. ఆవలి ఒడ్డువారి న్యాయశాఖ కాగితములకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పురాలేఖాగారమును చూడవలెను. 1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడువరకు పెద్ద నేరముల మీద పై విచారణ అక్కడి ఫౌజుదారీ అదాలతుది. నిజాము ప్రభుత్వపు కాగితములు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖాగారమున ఉన్నవి. వానిని చదువుటకు పారసీ, ఉర్దూ రావలెను. పోర్టుబ్లెయిరు వ్యవహారములు ఢిల్లీలోని జాతీయ పురాలేఖాగారమున దొరకును. 1942 నుండి 1945 వరకు జపాను ఆక్రమణలో అండమానులోని దస్త్రములు చాల నశించినందున ఢిల్లీ ప్రతులకు విలువ హెచ్చినది.

ఈ కాగితములలో మనకు కావలసినది ‘హులియా’. బందీ పారిపోతే పోల్చుకొనుటకై పేరు, తండ్రి పేరు, కులము, వయస్సు, ఎత్తు, ఒంటిమీది మచ్చలు వ్రాసి ఉంచేవారు. కొందరి నొసట వారి నేరమునే పచ్చగా పొడిపించేవారు. ఆ క్రూరాచారమును 1849లో రద్దుచేసినారు. హులియాలో పేర్లు తెల్లవారి చెవికి వినబడిన తీరున ఉండును. ఈరన్న, తిమ్మప్ప, నరసప్ప వంటి పేర్లు ఊరూర ఉన్నవే. అయిజ పేరే ఈనాడును ఆంగ్లలిపిలో ఒక్క తీరున వ్రాయుట లేదు. కావున పేరొక్కటి కలిసినంత మాత్రమున తాత దొరికినాడని సంతోషింపరాదు. తండ్రి పేరు, ఊరు, శిక్షపడిన సంవత్సరము కూడ కలువవలెను.

ఓడ దిగిన తరువాత వారి బ్రతుకు ఏమైనది? సింగపూరులోని సెయింట్ ఆండ్రూస్ ప్రార్థనామందిరమును 1856 నుండి 1861 వరకు భారతీయ బందీలే కట్టినారు. లోగోడల పూతకు మద్రాసు సున్నమని పేరు. గుల్లసున్నము, కోడిగ్రుడ్ల తెల్లసొన, ముతక చక్కెర, కొబ్బరిపీచు నానిన నీరు అందులోని ద్రవ్యములు. మన మేస్త్రీలకు పరిచయమైన గచ్చుపని అది! 1873లో అక్కడి బందిఖానాను మూసినప్పుడు విడుదలైనవారిలో ఎందరో అక్కడనే నిలిచిపోయినారు. అండమానులో సత్ప్రవర్తన గలవారికి భూమి ఇచ్చి, బందీ స్త్రీలను వివాహమాడనిచ్చినారు. వారి సంతతిలో కులభేదములు సడలి, హిందుస్తానీ ఇంటి భాష అయినది. కావున అయిజ వైపు తాతకు అక్కడ మనుమలుంటే, వారు మన మాట ఎరుగకపోవచ్చును.

ఒక హెచ్చరిక కూడ అవసరము. పూర్వము మనవారు దీవాంతరము పోయినవారందరిని దొంగలనుకొన్నారు. నేడు అందరిని దేశభక్తులనుటకు ఉబలాటపడుచున్నారు. రెండును తొందరపాటే. తిరుగుబాటుదారులను బందిపోటులని వ్రాయుట నాటి అధికారులకు అలవాటు. కరవునాడు ధాన్యము దోచిన పేదవాడు, పగతో నరహత్య చేసినవాడు, దొరతనమును ఎదిరించినవాడు ఒకే ఓడలో ప్రయాణము చేసి యుండవచ్చును. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమానులో శిక్ష అనుభవించి తిరిగివచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికైనాడు. ఆ భాగ్యము అందరిది కాదు. మన తాత ఎవరో తీర్పు కాగితమును చదివి తెలుసుకొనవలెనే గాని, కోరికతో నిర్ణయింపరాదు.

1955 నాటి చట్ట సవరణతో ద్వీపాంతరవాస శిక్ష మన శిక్షాస్మృతినుండి తొలగి, యావజ్జీవ కారాగారము దాని స్థానమున వచ్చినది. శిక్ష పోయినది గాని, దాని వలన ఇండ్లలో ఏర్పడిన ఖాళీలు మిగిలియున్నవి. పెద్దలు జీవించి యుండగానే వారు విన్న మాటలను సంవత్సరముతో, ఊరితో, పేర్లతో వ్రాసి ఉంచుకొనుట మన మొదటి పని. దస్త్రములు నూరేండ్లు వేచియుండగలవు. పెద్దల జ్ఞాపకము వేచియుండదు. ఏ దూరదీవి కాగితములోనైనా ఒక మరణదినము దొరికితే, పంచాంగము చూచి తిథి కట్టవచ్చును. దొంగయే గానిండు, వీరుడే గానిండు, ఇంటివాడు ఇంటివాడే. అతని పేరును తండ్రికి క్రింద, కొడుకుకు పైన, దాని చోట దానిని వ్రాయుట మన విధి.