కొండా, పర్వతమా? కొత్త కొలతలతో మారుతున్న జాబితాలు

స్కాట్లాండ్ వాయవ్య ప్రాంతంలోని ఫిషర్‌ఫీల్డ్ అడవుల్లో ‘బెన్ ఎ ఖ్లైవ్’ అనే శిఖరం ఉంది. పటాల్లో దాని ఎత్తు 916 మీటర్లు. 2012లో ప్రకటించిన కొత్త సర్వే ఆ ఎత్తును 913.96 మీటర్లుగా తేల్చింది. తేడా రెండు మీటర్లే అయినా పర్యవసానం చిన్నది కాదు. మూడు వేల అడుగుల, అంటే 914.4 మీటర్ల గీతకు 44 సెంటీమీటర్లు తగ్గడంతో ఆ శిఖరం దేశంలోని ఉన్నత పర్వతాల జాబితా నుంచి తొలగిపోయింది. ఒకే నడకలో ఆరు శిఖరాలను ఎక్కేవారు ‘ఫిషర్‌ఫీల్డ్ సిక్స్’ అని పిలుచుకునే మార్గంలో ఆ రోజు నుంచి లెక్కకు వచ్చేవి ఐదే.

ఆ జాబితాను తొలిసారి రూపొందించినవారు సర్ హ్యూ మన్రో. 1891లో స్కాటిష్ మౌంటెనీరింగ్ క్లబ్ పత్రికలో ఆయన ప్రచురించిన పట్టికల వల్లనే మూడు వేల అడుగులు దాటిన స్కాట్లాండ్ పర్వతాలకు ‘మన్రోలు’ అనే పేరు స్థిరపడింది. ఇది ప్రభుత్వ చట్టం కాదు. అయినా క్లబ్బు నిర్వహించే ఈ జాబితాయే అందరికీ ప్రమాణం. వీటన్నింటినీ ఎక్కి ముగించడం వేలాది మందికి జీవితకాల లక్ష్యం కూడా. ఇటువంటి జాబితాలో చేరినా, తొలగినా గ్రామాల్లోని వసతి గృహాల నుంచి మార్గదర్శక గ్రంథాల వరకూ ప్రభావం ఉంటుంది.

కొలతతో చేరి కొలతతోనే తొలగిన శిఖరాలూ ఉన్నాయి. ‘స్గూర్ నన్ క్యానిఖన్’ 1981లో మన్రో అయింది. 2009లో దాని ఎత్తు 913.43 మీటర్లని తేలడంతో ఆ హోదా పోయింది. వేల్స్‌లో దీనికి విరుద్ధంగా జరిగింది. అక్కడి ‘మనిద్ గ్రైగ్ గోఖ్’ ఎత్తు పటంలో 1,998 అడుగులు. 2008లో కొలిచినప్పుడు 609.75 మీటర్లు వచ్చింది. రెండు వేల అడుగులంటే 609.6 మీటర్లు కాబట్టి, అప్పటిదాకా కొండగా ఉన్నది పర్వతమైంది. అదే దేశంలోని ‘గ్లిడర్ వౌర్’ను పటాలు 999 మీటర్లుగా చూపేవి, 2010 సర్వేలో అది 1,000.8 మీటర్లని తేలింది.

పాత పటాలు తప్పుడువని దీని అర్థం కాదు. పటాలపై కనిపించే శిఖరాల ఎత్తుల్లో చాలావరకు విమానం నుంచి తీసిన ఛాయాచిత్రాల ఆధారంగా లెక్కగట్టినవి. వాటిలో మూడు మీటర్ల వరకు తేడా ఉండవచ్చని పటాలు తయారు చేసినవారికి తెలుసు. బాటసారికి, రోడ్డు వేసే ఇంజినీరుకు ఆ తేడాతో పనిలేదు. జాబితా తయారు చేసేవారికే అది ప్రాణప్రదం.

ఇప్పటి పద్ధతి వేరు. ముందుగా లెవెల్ యంత్రం, కొలబద్ద సాయంతో శిఖరంపై అన్నింటికన్నా ఎత్తైన సహజ బిందువును గుర్తిస్తారు. మనుషులు పేర్చిన రాళ్లకుప్పను లెక్కలోకి తీసుకోరు. ఆ బిందువు వద్ద సర్వే స్థాయి ఉపగ్రహ గ్రాహకాన్ని నిలిపి, రెండు గంటలు లేదా అంతకు మించి సంకేతాలను నమోదు చేస్తారు. స్థిర కేంద్రాల్లో అదే సమయాన నమోదైన సమాచారంతో వాటిని సరిపోల్చి ఎత్తును గణిస్తారు. ఫలితంలో దోషం కొద్ది సెంటీమీటర్లకు మించదు. జేబులోని ఫోను చూపే ఎత్తుకు ఈ నమ్మకం లేదు. అది కొన్ని మీటర్ల మేర తప్పవచ్చు. విమానం నుంచి లేజర్ కిరణాలతో నేలను కొలిచే లైడార్ పద్ధతి వచ్చాక, ఎవరూ ఎక్కకుండానే వందల గుట్టలను ఒకేసారి పరిశీలించడం సాధ్యమైంది.

సున్నా ఎక్కడ?

అసలు చిక్కు శిఖరం వద్ద కాదు, సముద్రం వద్ద ఉంది. ఉపగ్రహాలు కొలిచేది సముద్రమట్టం నుంచి ఎత్తును కాదు. భూమి ఆకారానికి దగ్గరగా ఉండే ఒక గణిత రూపం, అంటే దీర్ఘగోళం నుంచి ఎత్తును కొలుస్తాయి. గురుత్వాకర్షణలోని హెచ్చుతగ్గుల వల్ల నిజమైన సముద్రమట్టం దానితో ఏకీభవించదు. భారతదేశంలో ఈ తేడా పదుల మీటర్లలో ఉంటుంది. సవరణ చేయని ఉపగ్రహ కొలతను నమ్మితే విశాఖపట్నం సాగరతీరం సముద్రానికి ఎంతో లోతున ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ రెండింటినీ అనుసంధానించే నమూనాను జియోయిడ్ అంటారు. నమూనా మెరుగుపడితే ఎత్తులూ మారతాయి.

ఇంగ్లండ్‌లోని కంబ్రియా ప్రాంతపు ‘కాఫ్ టాప్’ ఇందుకు చక్కని ఉదాహరణ. 2010లో కొలిచినప్పుడు అది రెండు వేల అడుగులకు సుమారు 2 సెంటీమీటర్లు తక్కువైంది. 2016లో బ్రిటిష్ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే కొత్త జియోయిడ్ నమూనాను ప్రవేశపెట్టింది. పాత కొలతలను దానితో తిరిగి లెక్కించగా 609.606 మీటర్లు వచ్చింది. గీతకు కేవలం 6 మిల్లీమీటర్లు ఎక్కువ! ఒక గడ్డిపరక మందంతో కొండ పర్వతమైంది.

సున్నాను నిర్ణయించే పద్ధతి దేశానికొకటి. బ్రిటన్‌లో 1915 నుంచి 1921 వరకు న్యూలిన్ రేవులో నమోదైన సగటు సముద్రమట్టమే ఆధారం. భారత సర్వే సంస్థ 1909 నాటి ప్రమాణానికి తొమ్మిది రేవుల అలల కొలతలను తీసుకున్నారు. వాటిలో విశాఖపట్నం, మద్రాసు, నాగపట్నం ఉన్నాయి. నేటి పాకిస్తాన్‌లోని కరాచీ కూడా ఉంది. ఎవరెస్టు విషయంలో నేపాల్ బంగాళాఖాతాన్ని, చైనా పసుపు సముద్రాన్ని ఆధారం చేసుకుంటూ వచ్చాయి. భారత సర్వే సంస్థ 1950లలో నిర్ణయించిన 8,848 మీటర్ల ఎత్తు 2020 డిసెంబరులో ఆ రెండు దేశాల ఉమ్మడి ప్రకటనతో 8,848.86 మీటర్లు అయింది.

ఈ గీతలు మన భాషలో లేవు. నగరం మధ్య రాతిగుట్టపై నిలిచిన గోల్కొండా కొండే. అల్లూరి సీతారామరాజు జిల్లాలో మబ్బులను తాకే అర్మకొండా కొండే. గుట్ట, తిప్ప, బోడు, కొండ, పర్వతం అన్న మాటల మధ్య తేడాను చూపు, నడక, వాడుక నిర్ణయిస్తాయి కానీ మీటర్లు కావు. చట్టానికి మాత్రం మీటర్లు కావాలి.

అరావళి వివాదంలో బయటపడింది ఇదే. గుజరాత్, రాజస్థాన్, హరియాణా, ఢిల్లీల మీదుగా సాగే ఆ పర్వతశ్రేణిలో గనుల తవ్వకాన్ని నియంత్రించాలంటే, ముందు ఏది అరావళి కొండో తేలాలి. స్థానిక భూమట్టం నుంచి 100 మీటర్లు లేదా అంతకు మించి ఎత్తున్న భూభాగమే అరావళి కొండ అన్న నిర్వచనాన్ని 2025 నవంబరు 20న సుప్రీంకోర్టు ఆమోదించింది. అటువంటి రెండు కొండల మధ్య దూరం 500 మీటర్లలోపు ఉంటే వాటిని శ్రేణిగా పరిగణిస్తారు. ఇక్కడ సున్నా సముద్రం కాదు, కొండను చుట్టివచ్చే అన్నింటికన్నా దిగువ సమోన్నత రేఖ. ఆ రేఖను కాస్త పైకి జరిపితే కొండ పొట్టిదవుతుంది. కిందికి జరిపితే పొడవవుతుంది. బ్రిటన్‌లో కొలత తప్పితే ఒక జాబితా మారుతుంది. ఇక్కడ తప్పితే ఒక గుట్టకు రక్షణ పోవచ్చు.

దిగువ రేఖ లోపలి వాలుతో సహా మొత్తం భూభాగానికి రక్షణ ఉంటుందని కేంద్రం వివరించింది. ఎడారి ధూళిని అడ్డుకుని, వాననీటిని భూమిలోకి ఇంకించే చిన్న గుట్టలు నిర్వచనం బయట మిగిలిపోతాయని పర్యావరణవేత్తలు వాదించారు. ఆందోళనలు పెరగడంతో సుప్రీంకోర్టు ఈ అంశాన్ని స్వయంగా చేపట్టి, డిసెంబరు 29న తన నవంబరు ఆదేశాల అమలును నిలిపివేసింది. 100 మీటర్ల ఎత్తు, 500 మీటర్ల దూరం అన్న ప్రమాణాలను నిపుణులతో మళ్లీ పరిశీలింపజేయాల్సిన అవసరం ఉందని అభిప్రాయపడింది.