ప్లగ్గు పానా కథ

పడవకు వెనుక తగిలించి, పని అయిన తరువాత ఊడదీసి భుజాన వేసుకొనిపోగల మోటారును ఔట్‌బోర్డు మోటారు అంటారు. అమెరికాలో కామెరాన్ వాటర్‌మన్ అనే ఆయన ఇట్టి మోటార్లను అంతకు రెండు మూడేళ్ల ముందే తయారుచేసినా, దానిని జనసామాన్యంలోకి తెచ్చినవాడు ఓలె ఎవిన్రూడ్. ఈయన 1877లో నార్వేలో పుట్టి, బాల్యంలోనే అమెరికా చేరినవాడు. 1909లో మిల్వాకీ నగరంలో ఆయన అమ్మకానికి పెట్టిన మోటారు శక్తి ఒకటిన్నర అశ్వశక్తి. బరువు 62 పౌన్లు, అనగా సుమారు 28 కిలోలు. ఆ ఇనుప ముద్దకు ప్రాణం పోసేది మాత్రం బొటనవ్రేలంత వస్తువు, స్పార్క్ ప్లగ్గు.

విద్యుత్తు నిప్పురవ్వతో ఇంధనాన్ని అంటించే పద్ధతి 1860లో లెన్వార్ నిర్మించిన గ్యాసు ఇంజనులోనే ఉన్నది. 1902లో జర్మనీలో బోష్ సంస్థలోని గోట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను రూపొందించిన పిమ్మట అది నమ్మదగినదైంది. ప్లగ్గు నడుమ లోహపు కడ్డీ, దాని చుట్టూ పింగాణి, ఆ పింగాణిని పట్టి ఉంచే ఉక్కు తొడుగు ఉంటాయి. తొడుగుకు క్రింద మర, పైన ఆరు పలకలు. పానా పట్టవలసింది ఈ పలకలనే.

పడవ మోటార్లు చాలాకాలం రెండు స్ట్రోకుల ఇంజన్లే. వాటిలో పెట్రోలుతోపాటు నూనె కూడా మండుతుంది. నిమిషానికి 5,000 చుట్లు తిరిగే ఇంజనులో ప్లగ్గు నిమిషానికి 5,000 సార్లు రవ్వ విసరాలి. పూర్తిగా మండని నూనె మసి అయి దాని మొనకు పట్టుకొంటే, విద్యుత్తు రవ్వగా దూకక మసిగుండా జారిపోతుంది, మోటారు ఆగుతుంది. పెట్రోలుతో స్టార్టు చేసి కిరసనాయిలుకు మార్చి నడిపే కేరళ జాలరులకు ఈ బాధ మరీ ఎక్కువ. విశాఖ తీరంలో ఫైబరు తెప్ప మీద వేటకు పోయేవారికైనా అంతే. నడిసముద్రంలో మోటారు ఆగినప్పుడు మారుప్లగ్గు చేతిలో ఉండీ పానా లేకపోతే, తెడ్డే గతి.

పానా దొరకడం అంత కష్టమా? దీనికి చరిత్ర ఉన్నది. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్వర్త్ మరలకు 55 డిగ్రీల కోణంతో ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలు మేలన్నాడు. 1898లో జూరిచ్‌లో యూరపువారు చేరి మెట్రిక్ మరకు కొలతలు నిర్ణయించారు. ప్లగ్గు ఈ తగవులోనే పెరిగింది. 1908లో వచ్చిన ఫోర్డు టి మోడలు కారుకు అర అంగుళం పైపు మర ఉన్న ప్లగ్గు వాడారు. అర అంగుళం అన్నది లోపలి రంధ్రాన్ని బట్టి పెట్టిన పేరే. కొలిచి చూస్తే మర వెలుపలి వ్యాసం 0.84 అంగుళం! దానికి తోడు 7/8 అంగుళం, 18 మి.మీ. మరలు కూడా వాడుకలో ఉండేవి. 1930ల తరువాత 14 మి.మీ. మర క్రమంగా పైచేయి సాధించింది.

విద్యార్థులు తరచు పొరబడే చోటు ఇదే. 14 మి.మీ. ప్లగ్గుకు 14 మి.మీ. పానా పట్టదు. ఆ అంకె మరది, పలకలది కాదు. 14 మి.మీ. మర గల పాతరకం ప్లగ్గుకు 13/16 అంగుళం పానా కావాలి. మెట్రిక్ పెట్టెలో 21 మి.మీ.ది సరిపోతుంది. అదే మరతో 16 మి.మీ. పలకలు గల ప్లగ్గులూ ఉన్నాయి. నాలుగు స్ట్రోకుల చిన్న మోటార్లు కొన్నింటిలో 12 మి.మీ. మర, 18 మి.మీ. పలకలు. కొలత పెద్దదైన పానా మూలలను మాత్రమే తాకి వాటిని గుండ్రంగా అరగదీస్తుంది. అది జారి ప్రక్కకు ఒరిగితే పింగాణి చిట్లుతుంది. ఆ సన్నని చీలిక కంటికి కనబడకపోయినా విద్యుత్తుకు దారి ఇస్తుంది.

పొడవైన పింగాణి తలను దాటి పలకలను అందుకోవాలి కనుక మామూలు పానా ఇక్కడ చాలదు. లోతైన గొట్టపు పానా కావాలి. దీని అభివృద్ధిలోనూ మిల్వాకీకి భాగమున్నది. 1920లో అక్కడే జోసెఫ్ జాన్సన్, విలియం సీడెమన్ కలిసి స్నాప్-ఆన్ సంస్థను స్థాపించారు. పిడి వేరుగా, గొట్టం వేరుగా చేసి, ఐదు పిడులకు పది గొట్టాలను మార్చి మార్చి తగిలిస్తే 50 పనిముట్లవుతాయన్నది వారి లెక్క. ఎంత చక్కని గుణకారం! నేటి ప్లగ్గు గొట్టాలలో పింగాణిని పట్టుకొనే రబ్బరు తొడుగు కూడా ఉంటుంది. ఊగే పడవలో ప్లగ్గు నీటిలో పడిపోకుండా కాపాడేది ఈ రబ్బరు ముక్కే.

సరైన పానా చేతికి వచ్చినా బిగింపు తెలియాలి. ఇంజను తల అల్యూమినియం, ప్లగ్గు ఉక్కు. బలమంతా పెట్టి తిప్పితే అల్యూమినియం మర తెగిపోతుంది. అందుచేత ముందు ప్లగ్గును చేతి వ్రేళ్లతోనే చివరివరకు తిప్పి, తరువాత పానా వేస్తారు. వాషరు గల 14 మి.మీ. కొత్త ప్లగ్గయితే అక్కడినుండి అర చుట్టు, మహా అయితే మరికొంచెం. వాషరు ఒకసారి నలిగిన పాత ప్లగ్గుకు ఒక చుట్టులో పన్నెండో వంతు చాలు.