హుమాయూన్ మక్బరా చెప్పే పాఠం

ఢిల్లీ వెళ్ళే మనవాళ్ళు ఎర్రకోట, జామా మసీదు, కుతుబ్ మీనార్ చూసి రైలెక్కేస్తారు. హజ్రత్ నిజాముద్దీన్ దర్గాకు వెళ్ళినవారిలో కూడా పక్కనే ఉన్న హుమాయూన్ మక్బరా చూసేవారు తక్కువే.

1556లో హుమాయూన్ పాదుషా గ్రంథాలయం మెట్లమీంచి జారిపడి మరణించాడు. ఆయన భార్య హాజీ బేగం పూనికతో, మీరక్ మీర్జా గియాస్ రూపకల్పనలో 1570 ప్రాంతాల ఈ కట్టడం లేచింది. ఎర్రరాతి గోడలు, పాలరాతి గుమ్మటం, చుట్టూ చార్‌బాగ్ తోట. తాజ్‌మహల్‌కు దారి చూపింది ఇదే. తాజ్ భార్య కోసం భర్త కట్టించినది. ఇది భర్త కోసం భార్య కట్టించినది.

1857 సెప్టెంబరులో ఢిల్లీ ఇంగ్లీషువారి వశమైనప్పుడు ఎనభై దాటిన బహదూర్ షా జఫర్ తలదాచుకున్నది ఇక్కడే. హాడ్సన్ ఆయన్ను పట్టుకుపోయాడు. మర్నాడు ఇక్కడే చిక్కిన షాజాదాలను దారిలో కాల్చి చంపాడు. జఫర్ 1862లో రంగూన్‌లో కన్నుమూశాడు. తాతముత్తాతల చెంత ఆయనకు చోటు దక్కలేదు.

1947 విభజన అల్లర్లలో ఇల్లూ వాకిలీ పోయిన వేలమందికి ఈ తోటే శిబిరమైంది.

ఇక్కడ నూరుకు పైగా సమాధులున్నాయి. చాలావాటిపై పేరే లేదు. పాదుషాల వైభవం అంతే! దిక్కులేనివారికి నీడనిచ్చిన ఘనత మాత్రం ఈ గోడలకు మిగిలింది. పిల్లలతో ఢిల్లీ వెళితే గుమ్మటం చూపించి ఊరుకోకండి, ఆ పేరులేని రాళ్ళు కూడా చూపించండి.