పట్టు గౌను వెనుక చేతులు: ఆంగ్ర్ చిత్తరువు, ఆలేరు ఆసు

లండన్ నేషనల్ గ్యాలరీలో 120 సెంటీమీటర్ల ఎత్తున్న ఒక ఫ్రెంచి తైలవర్ణ చిత్తరువు ఉంది. సోఫాలో కూర్చున్న స్త్రీ కుడిచేతి చూపుడువేలు కణతకు ఆనించింది. ఎడమచేతిలో విసనకర్ర. ఆమె వెనక నిలువుటద్దంలో ముఖం పక్కవాటుగా కనిపిస్తుంది. ఒంటి మీద పువ్వుల గుత్తులు పరుచుకున్న పట్టు గౌను. చిత్రంలో సగం చోటు ఆ గౌనుదే.

ఆమె మదామ్ మ్వాతెసియే, పారిస్‌లోని ఒక ధనిక వర్తకుడి భార్య. చిత్రకారుడు ఆంగ్ర్. పురాణ, చరిత్ర ఘట్టాలతో పోలిస్తే చిత్తరువులు గీయడం చిన్నపని అని అతను మొదట ఒప్పుకోలేదట. ఆమెను చూశాక మనసు మార్చుకున్నాడు. 1844లో మొదలైన చిత్రం 1856 దాకా తెమలలేదు. మొదటి ఆలోచనలో ఆమె చిన్నకూతురు కూడా ఉంది. పాప కుదురుగా కూర్చోకపోవడంతో తీసేశాడు. మధ్యలో అతని భార్య చనిపోయింది, పని ఆగింది. 1851లో అదే స్త్రీని నల్ల దుస్తుల్లో, నిలబడి ఉన్నట్టు వేరే చిత్రంగా వేసి ఇచ్చాడు. కూర్చున్న చిత్రం పూర్తయ్యేసరికి అతని వయసు 76. ఆ అంకె సంతకం పక్కనే రాసుకున్నాడు. కణతకు వేలు ఆనించిన భంగిమ అతని సొంతం కాదు, హెర్క్యులేనియం శిథిలాల్లో దొరికిన ఒక రోమన్ కుడ్యచిత్రంలోని దేవతది.

కళాచరిత్రకారులు ఈ చిత్రం గురించి రాసేటప్పుడు అద్దం గురించి, ఆ వేలు గురించి ఎక్కువ మాట్లాడతారు. తెలంగాణలోని ఆలేరు చుట్టుపక్కల మగ్గం ఎరిగినవాళ్ల చూపు ముందు బట్ట మీదికే పోతుంది. అలా చూసినా ఆంగ్ర్ నిరాశపరచడు. మడత పడ్డచోట గుత్తి సగానికి విరిగి, మడత దాటాక మళ్లీ కలుస్తుంది. పట్టు ఎక్కడ బిగిసిందో, ఎక్కడ వదులైందో పువ్వు వంపే చెబుతుంది.

ఫ్రెంచి పట్టుకూ ఈ నేలకూ ఒక సాంకేతిక బంధుత్వం ఉంది. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ‘షినే’ అనే పట్టు నేసేవారు. పడుగు పోగులను గుత్తులుగా విడదీసి, రంగు అంటకూడని చోట గట్టిగా కట్టి, అద్దకంలో ముంచి, ఆ తర్వాతే మగ్గం ఎక్కించేవారు. పువ్వు అంచులు కాస్త చెదిరినట్టు, మసకగా వచ్చేవి. 19వ శతాబ్దంలో కట్టే పని తగ్గి, పడుగు మీదే ముద్ర వేయడం వచ్చింది. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం నేతగాళ్లు చిటికి అనేది ఈ కట్టే పనినే. ఇక్కడ దాన్ని పడుగుకు, పేకకు, రెంటికీ కూడా చేస్తారు. సైకిలు ట్యూబు కోసిన రబ్బరు పట్టీతో పోగుల గుత్తిని బిగించి రంగులో ముంచుతారు. ఇక్కడా అంచు మసకే. ఇలా నేసిన బట్టే ఇక్కత్, ఆ మసకే దాని గుర్తు.

పారిస్‌లో కుంచె చేసినట్టు సంపన్న స్త్రీల రూపాలను నిలిపే పని హైదరాబాదులో కెమెరాకు దక్కింది. ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచాడు. ఎత్తయిన గోడల లోపల ఫొటోలు తీసే పని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. అక్కడా, పారిస్‌లోనూ చిత్రం నిలబెట్టింది కట్టుకున్నవాళ్లనే. నేసినవాళ్లు చట్రం బయటే ఉండిపోయారు.

ఆంగ్ర్ కాలంలో ఫ్రెంచి పట్టుకు పుట్టిల్లు లియాన్. జకార్డ్ అనే ఆయన తన నేత యంత్రాన్ని 19వ శతాబ్దం మొదట్లో తెచ్చింది అక్కడే. ఇవాళ తెలుగు మగ్గాల మీద చీర అంచులు నేసే జకార్డ్ ఆయన పేరే. లియాన్ నేతగాళ్లు కూలి ధర కోసం 1831లో తిరగబడ్డారు, 1834లో మళ్లీ తిరగబడ్డారు. ఆ తర్వాత పదేళ్లకే మదామ్ మ్వాతెసియే చిత్తరువు మొదలైంది. కాన్వాసు మీద ఆ ఊసు లేదు, విశ్రాంతిలో ఉన్న రెండు మెత్తటి చేతులే ఉన్నాయి.

ఆలేరు మండలం శారాజీపేటలో చేతుల కథ వేరు. చిటికి కట్టేముందు పేక నూలును ఆసు పోయాలి. ఒక కొసన ఒంటి మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరస మేకులు. పోగు అటూ ఇటూ తిప్పుతూ ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడించాలి. నాలుగైదు గంటల పని, ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే. సాయంత్రానికి భుజం పైకి లేవదు. తల్లి లక్ష్మి పడే ఈ బాధ చూసి, ఆరో తరగతితో బడి మానేసిన చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. అదే పని గంటన్నరలో తెమిలింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆంగ్ర్ సంతకం పక్కన అతని వయసు ఉంది, చిత్రానికి ఆ ఇల్లాలి పేరుంది. శారాజీపేట యంత్రానికి మల్లేశం పెట్టింది తల్లి పేరు: లక్ష్మీ ఆసు.