అన్నవాహిక వాపు

గొంతు నుంచి జీర్ణాశయం దాకా దాదాపు 25 సెంటీమీటర్ల పొడవున సాగే కండర గొట్టం అన్నవాహిక. దాని లోపొర ఎర్రబారి, ఒరిసి, పుండ్లు పడటాన్ని వైద్యులు ఈసోఫజైటిస్ అంటారు. ఛాతీలో మంట, పుల్ల తేన్పులు, మింగుతుంటే నొప్పి దీని లక్షణాలు. మనవాళ్లు అన్నిటినీ కలిపి ‘గ్యాస్’ అనేస్తారు గానీ, ఇక్కడ గ్యాస్ పాత్ర తక్కువ. ఎక్కువమందిలో దోషి పైకి ఎగదన్నే జఠరామ్లమే.

ఈ సంగతి తేలడానికి చాలాకాలం పట్టింది. 1879లో జర్మన్ వైద్యుడు క్వింకె అన్నవాహికలో జీర్ణరసం చేసిన పుండ్లను వర్ణించాడు. 1935లో న్యూయార్క్ వైద్యుడు ఆషర్ వింకెల్‌స్టైన్ దీన్ని ప్రత్యేక వ్యాధిగా ప్రతిపాదించాడు. తర్వాత నింద హెర్నియా మీదికి మళ్లింది. జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారడమే మూలమని నమ్మిన ఇంగ్లండు సర్జన్ ఫిలిప్ ఆలిసన్ 1951లో దాన్ని సరిచేసే శస్త్రచికిత్సను ప్రచురించాడు. రెండు దశాబ్దాల తర్వాత పాత రోగులను పరిశీలించి, చాలామందికి జబ్బు తిరగబెట్టిందని ఆయనే ఒప్పుకున్నాడు. వైద్యచరిత్రలో ఇంతటి నిజాయితీ అరుదు.

నిలిచిన శస్త్రచికిత్స మాత్రం అనుకోకుండా దొరికింది. 1930లలో ఇస్తాంబుల్‌లో సర్జన్ రుడాల్ఫ్ నిస్సెన్ ఒక రోగికి అన్నవాహిక కింది భాగం తొలగించి, వేసిన కుట్లు ఊడకుండా జీర్ణాశయాన్ని కొంత చుట్టూ కప్పాడు. ఏళ్లు గడిచినా ఆ రోగికి ఛాతీమంట రాలేదు. అది గుర్తుంచుకుని, 1955లో బాసెల్‌లో జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ కావాలనే చుట్టాడు. ఆ పద్ధతి ఆయన పేరుతోనే నేటికీ వాడుకలో ఉంది.

కత్తి అవసరాన్ని బాగా తగ్గించింది మందులే. 1976లో ఆమ్లాన్ని తగ్గించే సిమెటిడిన్, 1988లో ఆమ్లం తయారయ్యే చోటే అడ్డుకునే ఒమెప్రజోల్ మార్కెట్లోకి వచ్చాయి. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ వారి ‘ఓమెజ్’ ఒమెప్రజోలే. తిండికి అరగంట ముందు వేసుకుంటేనే ఇది సరిగ్గా పనిచేస్తుంది. అన్నం తిన్నాక మింగేవాళ్లూ ఉన్నారు.

అయితే ప్రతి వాపూ ఆమ్లం వల్ల కాదు. 1990లలో స్పష్టంగా గుర్తించిన ఇయోసినోఫిలిక్ రకానికి పాలు, గోధుమ, గుడ్డు వంటివాటి అలర్జీ కారణం. ఇందులో ముద్ద గొంతు దిగక ఇరుక్కుంటుంది. డాక్సీసైక్లిన్ బిళ్ళను గుటకెడు నీళ్లతో మింగి వెంటనే పడుకున్నా పుండు పడొచ్చు.

రాత్రి భోజనానికి, పడకకు మధ్య మూడు గంటల వ్యవధి ఇవ్వడం, తలవైపు మంచం ఎత్తుగా ఉంచడం, బరువు తగ్గడం, పొగ మానడం మేలు చేస్తాయి. ముద్ద దిగకపోయినా, రక్తం వాంతి అయినా, మలం నల్లగా వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా బిళ్ళలతో కాలక్షేపం చేయక వెంటనే డాక్టరును కలిసి ఎండోస్కోపీ గురించి అడగండి.