వంశధార అడుగు లెక్క

1962 సెప్టెంబరు 30న ఆంధ్రప్రదేశ్, ఒడిశా ప్రభుత్వాలు వంశధార నీటిని చెరిసగం పంచుకోవాలని ఒప్పుకున్నాయి. కాగితం మీద మాట తేలిపోయింది. కానీ సగం ఎంతో తేలాలంటే మొత్తం ఎంతో తెలియాలి. మొత్తం తెలియాలంటే ఏటి అడుగు కొలవాలి. ఆ కొలత చుట్టూ నడిచిన చరిత్ర శ్రీకాకుళం జిల్లా పొలాల్లోకి నీరు వచ్చిన చరిత్రలో పెద్ద భాగమే. అయినా దాన్ని చెప్పుకునేవాళ్లు తక్కువ.

ఒడిశా కొండల్లో పుట్టిన వంశధార దాదాపు 250 కిలోమీటర్లు ప్రయాణించి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. పరీవాహక ప్రాంతం సుమారు 10,800 చదరపు కిలోమీటర్లు. గోదావరితో పోలిస్తే చిన్న ఏరు. కొండలు దగ్గర, సముద్రమూ దగ్గర. పైన వాన పడితే వరద తొందరగా దిగుతుంది, దిగుతూ ఇసుక మోసుకొస్తుంది. ఒక ఊరి దగ్గర గట్టు కోసి ఇంకో ఊరి దగ్గర మేట వేస్తుంది. ఈ ఒడ్డున నివసించినవాళ్లకు ఇది ఎప్పటినుంచో తెలుసు. కళింగపట్నానికి కాస్త ఎగువన, ఏటి పక్కనే ఉన్నా, శాలిహుండం బౌద్ధ స్తూపాలు కొండ మీదే వెలిశాయి. ఇంకా ఎగువన ముఖలింగం ఉంది. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అదేనని చరిత్రకారుల అభిప్రాయం. అదీ ఈ నీటి ఒడ్డే.

ఏరు కొలిచే పని దగ్గరగా చూస్తే దాని విలువ తెలుస్తుంది. సరిహద్దులో ఒడిశా వైపున్న కాశీనగర్ దగ్గర కేంద్ర జలసంఘానికి కొలత స్థలం ఉంది. ఇలాంటి చోట్ల ఉదయం 8 గంటలకు గేజీ మీద నీటిమట్టం రాసుకుంటారు. వరద ఉంటే గంటగంటకూ చూస్తారు. తర్వాత ఏటిని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కలో లోతు చూస్తారు. ఆ లోతులో పైనుంచి పదింట ఆరు వంతుల దగ్గర కరెంట్ మీటర్ దించి, దాని గిన్నెలు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెడతారు. ముక్క వైశాల్యాన్ని వేగంతో గుణిస్తే ఆ ముక్కలో పారే నీరు వస్తుంది. అన్నీ కలిపితే ఏరు. సీసాలో పట్టిన నీటిని వడగట్టి ఒండ్రు తూకం కూడా వేస్తారు. 0.2 మిల్లీమీటర్ల కన్నా పెద్ద రేణువు ముతక, 0.075 కన్నా చిన్నది సన్నం, నడుమది మధ్యరకం.

రోజూ ఇంత పని కుదరదు కాబట్టి, ఫలానా మట్టానికి ఫలానా ప్రవాహం అని ఒక పట్టిక కట్టుకుంటారు. చిక్కంతా అక్కడే. 200 మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతు, సెకనుకి మీటరు వేగం ఉన్న ఏటిలో సెకనుకి 300 ఘనపు మీటర్లు, అంటే సుమారు 10,600 క్యూసెక్కులు పారతాయి. ఒక వరద అడుగున అర మీటరు ఇసుక తోడేసిందనుకుందాం. గేజీ మీద అదే అంకె ఉంటుంది, వేగమూ మారకపోవచ్చు, కానీ పారేది 14,100 క్యూసెక్కులు. ఆ తేడా ఒక్కరోజులోనే దాదాపు 0.3 టీఎంసీ అవుతుంది. అందుకే వానాకాలానికి ముందూ తర్వాతా అడుగు క్రాస్ సెక్షన్ కొత్తగా గీయాల్సిందే.

రెండు రాష్ట్రాల తగాదాలో ఈ సంగతి నేరుగా బయటపడింది. 1970ల్లో హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ వచ్చింది. ఇప్పుడు వంశధార ప్రాజెక్టుకి బొడ్డేపల్లి రాజగోపాలరావు పేరుంది. దానికి ఎగువన నేరడి బ్యారేజీ కట్టాలనుకుంటే, ముంపు భూమి కొంత ఒడిశాలో ఉండటంతో అది ఆగిపోయింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్ భామిని మండలం కాట్రగడ్డ దగ్గర సైడ్ వియర్ తలపెట్టింది. ఏటికి అడ్డంగా ఏమీ కట్టకుండా, గట్టు పక్కనుంచి వరద నీటిని కాలువలోకి పొర్లించి హిరమండలం జలాశయం నింపాలన్నది ఆలోచన. ఒడిశా 2006లో ఫిర్యాదు చేసింది. వియర్ కడితే ఉన్న ఏటి పాయ ఎండిపోతుందనీ, నది దారి మళ్లుతుందనీ దాని వాదన. వట్టి భయమని కొట్టిపారేయాల్సిన మాట కాదది. నీరు పక్కకి పోతే మిగిలిన ధారకి ఇసుక మోసే బలం తగ్గుతుంది, అక్కడే మేట వేస్తుంది. ఎంత మేట వేస్తుందో, ఎక్కడ వేస్తుందో వాదనతో తేలేది కాదు, కొలవాలి.

2010లో జస్టిస్ ముకుందకం శర్మ అధ్యక్షుడిగా ట్రిబ్యునల్ ఏర్పడింది. 2013 డిసెంబరులో షరతులతో సైడ్ వియర్‌కు అనుమతినిచ్చి, నీటి విడుదల చూసేందుకు ఒక కమిటీ పెట్టింది. 2017 సెప్టెంబరు 13న నివేదిక ఇచ్చింది. గొట్టా దగ్గర నీటి లభ్యత 115 టీఎంసీలు, చెరో 57.5. నేరడి బ్యారేజీకీ అనుమతి దొరికింది. అయినా కట్టడం మొదలు కాలేదు. 2021 నవంబరు 9న ఇద్దరు ముఖ్యమంత్రులూ భువనేశ్వర్‌లో కూర్చుని మాట్లాడుకున్న విషయాల్లో అదీ ఒకటి.

ఈలోగా 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటింది. వంశధారకి పెద్ద వరద వచ్చింది. అంతటి నీరు వెళ్లిపోయాక ఏటి అడుగు పాత క్రాస్ సెక్షన్ గీతల మీద ఉంటుందని ఎవరూ అనుకోకూడదు. నేరడి దగ్గర పునాది తీసేవాళ్లు ముందు సరిచూడాల్సింది ఆ గీతల్నే.