సెక్సెలాయిటెన్: జ్యూరిక్ నగరపు వసంతోత్సవం

ఏప్రిల్ మూడవ సోమవారం మధ్యాహ్నం స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగరంలో అడుగుపెట్టిన ప్రయాణికులకు ముందుగా కనిపించేది మూతపడిన దుకాణాలు, దారి మళ్లించిన ట్రాములు. తమకు తెలియని సమ్మె ఏదో జరుగుతున్నదని కొత్తవారు భావించినా ఆశ్చర్యం లేదు. కొంతసేపటికి బాకాల ధ్వని, గుర్రపు డెక్కల చప్పుడు వినిపిస్తాయి. శిరస్త్రాణాలు ధరించినవారు, పిండి పూసిన టోపీలు పెట్టుకున్న రొట్టెల తయారీదారులు, ఒంటెలపై వచ్చేవారు వరుసగా సాగిపోతారు. నగరమంతా ఏడాదిపాటు ఎదురుచూసే సెక్సెలాయిటెన్ ఉత్సవం అదే. ఈస్టర్ వారంతో తిథి కలిసివచ్చిన సంవత్సరాలలో దీనిని వెనుకకు జరుపుతారు. 2025లో ఏప్రిల్ 28న జరగడానికి కారణం ఇదే.

ఉత్సవం పేరుకు అర్థం 'ఆరు గంటల వేళ మోగే చర్చి గంట' అని. పూర్వం శీతకాలంలో చీకటి పడగానే, అంటే అయిదు గంటలకే, పని విరమించేవారు. వసంత విషువత్తు దాటి పగలు పెరిగిన తరువాత, ఆ మార్పుకు గుర్తుగా గ్రోస్‌మ్యూన్‌స్టర్ చర్చి గంటను సాయంత్రం ఆరింటికి మోగించేవారు. పని వేళ ఒక గంట పెరిగిందని చెప్పే ప్రకటన పండుగగా ఎలా మారిందన్న సందేహం సహజమే. ఆల్ప్స్ పర్వతాల చలికాలాన్ని ఒక్కసారి అనుభవించినవారికి ఆ సందేహం మిగలదు. వెలుతురు తిరిగివచ్చిందన్న వార్తే వారికి పండుగ.

ఈ ఉత్సవానికి మధ్యయుగపు రూపాన్ని ఇచ్చినవి వృత్తి శ్రేణులు. మన ప్రాచీన చరిత్ర పాఠాలలో కనిపించే శ్రేణుల వంటివే ఇవి. అయితే జ్యూరిక్‌లో ఇవి వర్తకంతో ఆగక రాజ్యాధికారాన్ని కూడా చేజిక్కించుకున్నాయి. 1336లో రుడాల్ఫ్ బ్రున్ నాయకత్వంలో జరిగిన తిరుగుబాటు తరువాత చేతివృత్తులవారి శ్రేణులకు నగర పాలకమండలిలో స్థానం లభించింది. ప్రభువులు, సంపన్న వర్తకులు 'కాన్‌స్టాఫెల్' అనే వేరు సంఘంగా ఏర్పడ్డారు. నాలుగున్నర శతాబ్దాలు సాగిన ఆ ఏర్పాటు 1798లో ఫ్రెంచి సేనల రాకతో కూలిపోయింది.

ప్రేక్షకులు నేడు చూసే ఊరేగింపు ఆ మధ్యయుగపు ఆచారం యథాతథంగా కాదు. అధికారం పోయిన తరువాత, 19వ శతాబ్దంలో, గతవైభవాన్ని తలచుకుంటూ శ్రేణులు రూపొందించుకున్నది ఇది. నేటి 26 సంఘాలలో దాదాపు సగం 19, 20 శతాబ్దాలలో ఏర్పడినవే. వాటిలో అనేకం నగరంలో కలిసిన శివారు గ్రామాల పేర్లతో ఉన్నాయి. కమ్మరి దుస్తులలో నడిచే వ్యక్తి నిత్యజీవితంలో న్యాయవాదో బ్యాంకు అధికారో అయి ఉండవచ్చు. సభ్యత్వం చాలావరకు తండ్రి నుంచి కుమారునికి సంక్రమిస్తుంది.

ఊరేగింపు మధ్యాహ్నం మూడు గంటలకు మొదలవుతుంది. సుమారు 3,500 మంది సభ్యులు, 350కి పైగా గుర్రపు రౌతులు, వాద్యబృందాలు బాన్‌హోఫ్‌స్ట్రాసె, లిమ్మాట్ నది ఒడ్డు మీదుగా ఆపెరా భవనం ముందున్న విశాలమైన చౌకుకు చేరుకుంటాయి. దారిపొడవునా స్త్రీలు పరుగున వచ్చి తెలిసినవారికి పూలగుత్తులు అందిస్తారు. రొట్టెల తయారీదారుల శ్రేణి గుంపులోకి బన్నులు విసురుతుంది. పడవవారి శ్రేణి విసిరేవి చేపలు. వాటిని పట్టుకోవాలో తప్పుకోవాలో కొత్తవారు అప్పటికప్పుడు నిర్ణయించుకోవలసి ఉంటుంది.

పూలు ఇచ్చే స్త్రీలకు ఊరేగింపులో చోటు లేకపోవడమే ఈ ఉత్సవంపై ఎడతెగని వివాదం. ఇక్కడ చరిత్రే శ్రేణులకు ఎదురు నిలుస్తుంది. 853లో లూయీ రాజు తన కుమార్తె హిల్డెగార్డ్ కోసం స్థాపించిన ఫ్రౌమ్యూన్‌స్టర్ మఠానికి అధిపతి ఒక సన్యాసిని. మధ్యయుగంలో ఆ మఠాధిపత్నులకు నాణేలు ముద్రించే హక్కు, సుంకాలు వసూలుచేసే హక్కు ఉండేవి. చాలాకాలం నగరానికి వారే ప్రభువులు. చివరి మఠాధిపత్ని కేథరీనా ఫాన్ జిమ్మెర్న్ 1524లో మఠాన్ని నగరానికి అప్పగించారు. వారి స్మృతిలో 1989లో ఏర్పడిన స్త్రీల సంఘం ఊరేగింపులో స్థానం కోరుతూ వచ్చింది. ఇటీవలి సంవత్సరాలలో కాన్‌స్టాఫెల్ సంఘం వారిని తనతోపాటు నడిపిస్తున్నది, అయితే అతిథులుగా మాత్రమే. స్త్రీల ఏలుబడి చూసిన నగరం తన మధ్యయుగాన్ని స్త్రీలు లేకుండా ప్రదర్శించుకోవడం మధ్యయుగపు ఆచారం కాదనీ, 19వ శతాబ్దపు అలవాటనీ ఒప్పుకోక తప్పదు.

సాయంత్రం ఆరింటికి గంట మోగగానే అందరి చూపు చౌకు నడుమనున్న కట్టెల పేర్పు వైపు మళ్లుతుంది. సుమారు పది మీటర్ల ఎత్తున్న ఆ పేర్పు శిఖరాన 'బ్యోగ్' అనే తెల్లని మంచుమనిషి బొమ్మ నిలబడి ఉంటుంది. అది శీతకాలానికి ప్రతిరూపం. దాని లోపల బాణసంచా దట్టించి ఉంటుంది. నిప్పు అంటించిన తరువాత, వాద్యబృందం ఉత్సవ గీతం వాయిస్తుండగా, శ్రేణుల రౌతులు పేర్పు చుట్టూ గుర్రాలను దౌడు తీయిస్తారు. బొమ్మ తల పేలిన క్షణాన శీతకాలం ముగిసినట్లు లెక్క. ఫాల్గుణ పౌర్ణమి నాటి కామదహనం, సంక్రాంతి నాటి భోగిమంట ఎరిగిన తెలుగువారికి ఈ దృశ్యం అంత పరాయిగా తోచదు.

తల పేలడానికి పట్టిన సమయాన్ని నిమిషాలు, సెకన్లతో సహా నమోదు చేస్తారు. త్వరగా పేలితే వేసవి ఎండ బాగా కాస్తుందనీ, ఆలస్యమైతే వానలు తప్పవనీ నమ్మకం. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో వానల లెక్క వినే కుతూహలమే ఇక్కడా కనిపిస్తుంది. 2003లో 5 నిమిషాల 42 సెకన్లకే తల పేలింది. ఆ వేసవి యూరప్‌ను మండించింది. 2023లో 57 నిమిషాలు పట్టగా, ఆ ఏడాది ఆగస్టులోనూ తీవ్రమైన వడగాడ్పులు వచ్చాయి. వాతావరణ శాస్త్రజ్ఞులు ఈ జోస్యానికి ఆధారం లేదంటారు. పందేలు కాసేవారు ఆ మాట వినిపించుకోరు.

మంచుమనిషికి కష్టాలూ తక్కువ కాదు. 2006లో వామపక్ష కార్యకర్తలు బొమ్మను అపహరించగా, మరొక బొమ్మను దహనం చేయవలసి వచ్చింది. 2021లో కోవిడ్ ఆంక్షల వల్ల ఊరి రాష్ట్రంలోని ష్యోలెనెన్ లోయలో ప్రేక్షకులు లేకుండా ఆ తంతు జరిపారు. 2024లో ఊరేగింపు పూర్తయినా, గాలి ఉద్ధృతంగా వీచడంతో నిప్పు అంటించలేదు. ఆ ఏడాది అతిథి రాష్ట్రమైన అప్పెన్‌జెల్ ఆసెర్‌రోడెన్‌కు చెందిన హైడెన్ పట్టణంలో, జూన్ నెలలో, వసంతం దాదాపు ముగిసిన తరువాత, బ్యోగ్ దహనం జరిగింది.

ఊరేగింపును దారిపక్కన నిలబడి ఉచితంగా చూడవచ్చు. పిల్లలతో వెళ్లేవారికి ముందురోజు, ఆదివారం, జరిగే బాలల ఊరేగింపు మరింత అనువైనది. అందులో బాలికలూ నడుస్తారు. సోమవారం రాత్రి శ్రేణుల సభ్యులు లాంతర్లు పట్టుకుని ఒకరి సభామందిరానికి మరొకరు వెళ్లి ఛలోక్తులతో ప్రసంగాలు చేసుకుంటారు. అక్కడికి ఆహ్వానితులకే ప్రవేశం. చౌకులో మాత్రం ఆహ్వానంతో పనిలేదు. మంటలు తగ్గాక నగరవాసులు పారలతో నిప్పులు పక్కకు లాగి, ఇంటి నుంచి తెచ్చుకున్న సాసేజీలను వాటిపై కాల్చుకుంటూ రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుంటారు.